సక్కుబాయి పగ్గం

చెంబులో నీళ్లు అంచుకు వేలెడు దిగువన ఉన్నాయి, ఊగుతున్నాయి గానీ ఒలకడం లేదు, సూర్యాపేట వదిలి ఆరేడు మైళ్లు వచ్చినా ఒక్క చుక్క పంచె మీద పడలేదు, అంటే సీటు లెక్క సరిపోయినట్టే, అనుకున్నాడు మట్టయ్య. ఇత్తడి చెంబును రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తల వంచి, వెన్న కాగుతున్నప్పుడు గిన్నెలోకి చూసినట్టు ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్నాడు. పక్కన దుప్పటి మూట మీద మనవరాలు సక్కుబాయి కూర్చుంది. ఐదేళ్ల పిల్ల. మూట ఎత్తుకు డ్రైవరు భుజం మీదుగా రోడ్డంతా కనిపిస్తుంది. ఆమె ముందున్న ఇనుప కడ్డీకి జనపతాడు కట్టి ఉంది, దాని రెండు కొసలూ ఆమె రెండు పిడికిళ్లలో ఉన్నాయి. ఎడమకు మలుపు వస్తే ఎడమ కొస లాగుతుంది, కుడికి వస్తే కుడి కొస. ఎదురుగా ఎడ్లబండి వస్తే రెండూ కలిపి లాగి "హో, హో" అంటుంది. డ్రైవరు కూడా అప్పుడే జోరు తగ్గిస్తాడు. అందుకని బస్సును తానే తోలుతున్నానని ఆ పిల్లకు ఏ అనుమానమూ లేదు.

బస్సు చివర పరదా కట్టిన ఆడవాళ్ల సీట్లలోంచి భార్య లక్ష్మీనర్సమ్మ గొంతు ఇంజను చప్పుడును చీల్చుకుని వచ్చింది.

"ఓ సక్కు తాతా! పిల్ల కక్కిందా?"

"లేదు!"

"కక్కుతదా?"

"నువ్వు అడుగుడు బంద్ జేస్తే కక్కది!"

బస్సులో పదిమందీ నవ్వారు. మట్టయ్య నవ్వలేదు, చెంబు మీదినుంచి చూపు తిప్పలేదు. అడగడమే సగం రోగం అని అతని లెక్క. ఇరవై ఏళ్లుగా నెయ్యి అమ్ముతున్నాడు, ఎంత మేలైన నెయ్యి అయినా సరే, కొనేవాడి చెవిలో పదిసార్లు "వాసనొస్తుందా, వాసనొస్తుందా" అని ఊదితే పదకొండోసారి వాడికి వాసన వచ్చి తీరుతుంది. పోయినసారి ఈ పిల్లను అర మైలుకొకసారి అడిగారు, కడుపుల తిప్పుతుందా బిడ్డా, వస్తున్నదా, వచ్చేటట్టున్నదా, అని తల్లి ఒక వైపు, నాయనమ్మ ఒక వైపు, కక్కడానికి తెచ్చిన డబ్బా మూత తీసి ముఖం ముందు పెట్టి మరీ అడిగారు. అంత అడిగితే రాక ఏం చేస్తుంది, పిలిచినట్టే వచ్చింది. ఈసారి డబ్బా పిల్ల కంట పడకూడదని లక్ష్మీనర్సమ్మ దగ్గరే వెనక ఉంచాడు. కానీ ఆమె నోటిని మాత్రం ఎక్కడ ఉంచగలడు.

ఆమె పెట్టిన షరతు చిన్నదేమీ కాదు. తెల్లారకముందే వాకిట్లో నిలబెట్టి చేతిలో చెయ్యి వేయించుకుంది. "ఒక్క వాంతి అయిందా, ఏడ అయితే ఆడ దిగుడే, బండి కట్టించుకొని ఇంటికి మర్లుడే. కోదాడ పొలిమేర దాటేదాక ఇదే మాట. నీ లెక్కలు నాకు చెప్పొద్దు." చెయ్యి వేశాడు. వేసిన చేతికి విలువ ఉండబట్టే కదా ఇన్నేళ్లుగా బర్ల కాపరులు కుండలకు కుండలు నెయ్యి అతనికి తూచకుండా అప్పజెప్పేది. కోదాడలో పుట్టింట్లో కోడలు ఆండాలు ఉంది, ఇరవై ఒక్క రోజుల మగపిల్లాడు ఉన్నాడు, సాయంత్రం వాణ్ణి తొట్టెలో వేస్తారు. ఆండాలు పంపిన కబురు కూడా షరతులాంటిదే. పెద్దది వచ్చి ఊపితేనే తమ్ముణ్ణి తొట్టెల్ల ఏస్త, లేకుంటే నా ఒడిలనే ఉంటడు, అంది. ఈ ఇంటి ఆడవాళ్లందరూ బేరం నేర్చింది తన దగ్గరే, అని మట్టయ్యకు ఒక పక్క గర్వం, ఒక పక్క చిరాకు.

భాద్రపదంలో ఆండాలును కాన్పుకు పంపేటప్పుడు పిల్లను కూడా పంపాలనుకున్నారు. పోలీసు యాక్షన్ అయి ఏడాది అవుతోంది, బస్సులు మళ్లీ వేళకు నడుస్తున్నాయి, ఇంకేం భయం అనుకున్నారు. ముకుందాపురం రాకముందే మూడుసార్లు అయింది. నాలుగోసారికి కడుపులో ఏమీ లేక పచ్చనీళ్లు వచ్చాయి, మెడ వాలిపోయింది, చెయ్యి పట్టుకుంటే తడిగుడ్డలా ఉంది. మునగాలలో మట్టయ్య పిల్లను భుజాన వేసుకుని దిగాడు, వెనకే లక్ష్మీనర్సమ్మ దిగింది. నిండు నెలల్లో ఉన్న ఆండాలు దిగడానికి లేదు, తీసుకుపోవడానికి వచ్చిన పుట్టింటివాళ్లతో బస్సులోనే ఉండిపోయింది. కిటికీలోంచి సగం బయటికి వంగింది, పిల్ల చేతులు చాచింది, ఏడవడానికి కూడా ఓపిక లేదు, ఊరికే చాచింది, బస్సు కదిలిపోయింది. ఆ దుమ్ములో ఆ చేతులు అలాగే ఉండిపోయాయి. తూకంలో పొరపాటు పడి సరుకు పోయిన రోజులున్నాయి, దారిలో కుండలు పగిలి చేతికేమీ రాని రోజులున్నాయి, అవన్నీ మరిచిపోయాడు గానీ ఆ చాచిన చేతుల దగ్గరికి మాత్రం ఇప్పటికీ ఆలోచన పోయి ఆగిపోతుంది. తరువాత మూడు రోజులు జొన్న గంజి చుక్క చుక్కగా నోట్లో వేసి పిల్లను నిలబెట్టింది లక్ష్మీనర్సమ్మే. అందుకే ఆమె షరతు మీద అతనికి కోపం లేదు. "పిల్లకు బస్సు పడదు, అంతే" అన్న మాట మీదే కోపం. పడదు అన్న మాటను వ్యాపారంలో అతను ఎన్నడూ ఒప్పుకోలేదు. నెయ్యి ఊరికే చెడదు, కుండ కడిగింది సరిగా లేకనో, మంట ఎక్కువయ్యో, మూత వదులయ్యో చెడుతుంది. ఏది చెడగొట్టిందో పట్టుకుంటే మళ్లీ చెడకుండా చూసుకోవచ్చు. బస్సు అందరికీ ఒకటే, మరి పిల్లకే ఎందుకు పడదు?

"తాతా, బండొస్తుంది. హో, హో!"

"పట్టు బిడ్డా, గట్టిగ పట్టు. ఎన్ని ఎడ్లు?"

"రెండు. ఒక ఎద్దుకు కొమ్ము లేదు."

చెమట లేదు, పెదాలు ఎర్రగానే ఉన్నాయి, మాట గట్టిగా ఉంది. ఆ రోగం వచ్చే వరస ఇప్పుడు మట్టయ్యకు కంఠతా వచ్చు. మొదట పిల్ల మాట మానేస్తుంది. తరువాత ఆవులింతలు, ఒకటి వెనక ఒకటి, నిద్ర రాకుండానే. తరువాత నోట్లో నీళ్లు ఊరుతాయి, మింగుతూ ఉంటుంది. ఆ తరువాత నుదుటి మీద చల్లటి చెమట. ఈ నాలుగూ దాటాక ఇక ఎవరు పట్టుకున్నా ఆగదు. మొదటిదాన్ని పట్టుకుంటే మిగిలినవి రావు. అందుకే పిల్లను మాట్లాడిస్తూనే ఉన్నాడు, ఎద్దుల కొమ్ములు లెక్కపెట్టిస్తున్నాడు, ఆముదం చేలెన్ని, జొన్న చేలెన్ని, దూరాన తాటిచెట్లెన్ని. అయితే దగ్గర చెట్లు లెక్కపెట్టవద్దని ముందే చెప్పాడు. దగ్గరవి వెనక్కి ఉరుకుతాయి, వాటి వెంట కళ్లు ఉరికితే కడుపు కూడా ఉరుకుతుంది. దూరంగా ఉన్నది నిదానంగా వస్తుంది, దాన్నే చూడాలి.

ఇది ఎవరో వైద్యుడు చెప్పింది కాదు. ఇరవై ఏళ్ల కింద, అన్నకు గొర్రెలూ బర్లూ వదిలేసి తాను నెయ్యిలో దిగిన కొత్తలో, మిర్యాలగూడ వైపు ఊళ్లు తిరిగి కుండలు కొని బండి మీద తెచ్చేవాడు. బండి తోలేది సోమయ్య, చుట్ట నోట్లోంచి తీయకుండా మాట్లాడే మనిషి. ఒక వానాకాలం, మిర్యాలగూడ దాటాక, గుంతల దారిలో కుండల మధ్య గడ్డి మీద బోర్లా పడుకుని మట్టయ్య కుండ మూతలు చూసుకుంటూ వస్తున్నాడు, ఎక్కడ ఒలుకుతుందో అని. కడుపులో ఒక తిప్పు తిప్పింది చూడు, బండి ఆపించి దిగి, దారి పక్కన తంగేడు పొద పట్టుకుని కక్కాడు. సోమయ్య నవ్వి నవ్వి, దిగి వచ్చి పగ్గాలు అతని చేతిలో పెట్టాడు. "పట్టుకో సేటూ. నేనెన్నడన్న కక్కంగ సూసినవా? తోలేటోనికి తిప్పది. ఎత్తు ఎప్పుడొస్తదో గుంత ఎప్పుడొస్తదో నీ కంటికి ముందే ఎరుకైతది. నీ కంటికి ఎరుకైతే నీ కడుపుకు ఎరుకైతది." పగ్గాలు పట్టుకున్న పావుగంటకు తేరుకున్నాడు. ఆ మాట అప్పుడు మరిచిపోయాడు, ఇరవై ఏళ్లు ఎక్కడో అడుగున పడి ఉంది, పిల్లను గంజి పోసి బతికించిన మూడో రోజు పైకి తేలింది. ఇంకో మాట కూడా సోమయ్య నుంచే నేర్చాడు. నెయ్యి కుండలు బండి చివర పెట్టొద్దు, ఇరుసు మీద పెట్టు, చివర ఎగిరినంత ఇరుసు మీద ఎగరదు, అన్నాడు. బస్సుకు రెండు ఇరుసులు. ఆడవాళ్ల సీట్లు వెనక ఇరుసుకు ఇంకా అవతల. ఇన్నాళ్లూ పిల్లను కూర్చోబెట్టింది సరిగ్గా కుండ పగిలే చోట, అదీ పరదా కట్టి, బయటి గాలీ వెలుతురూ తగలకుండా, పెట్రోలు వాసన మాత్రం లోపలికి వచ్చేట్టు!

లెక్క తేలగానే ఊరుకునే మనిషి కాదు. పోయిన వారం మూడు రోజులు ఇదే బస్సులో చెంబు నిండా నీళ్లు పట్టుకుని ముకుందాపురం దాకా వెళ్లి వచ్చాడు, ఒక్కో రోజు ఒక్కో సీటులో. వెనక సీటులో దురాజ్‌పల్లి చేరేసరికే చెంబు సగమైంది. డ్రైవరు పక్కన కొంచెం నయం. రెండు ఇరుసుల మధ్య, ముందు నుంచి మూడో వరసలో వేలెడు తక్కువ పోస్తే ఒక్క చుక్క ఒలకలేదు. కండక్టరు మల్సూర్, పొడుగాటి మీసాల మనిషి, రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు వచ్చి చెవిలో అడిగాడు. "సేటూ, ఏమన్న మంత్రమా? నాక్కూడ జెప్పు, మా ఇంటిది నా మాట ఇంటలేదు." సంగతి తెలిశాక మల్సూరే ఈ మూడో వరస సీటు పొద్దున్నే తువ్వాలు వేసి ఆపి ఉంచాడు. ఈ రోజు చెంబు తెచ్చింది పరీక్షకు కాదు, కాపలాకు. నీళ్లు ఎక్కువ ఎగిరితే మట్టయ్య చెయ్యి ఎత్తుతాడు, మల్సూర్ డ్రైవరు భుజం తడతాడు, బస్సు నెమ్మదిస్తుంది. ఇంత కట్టుదిట్టంగా తన నెయ్యి కూడా ఎన్నడూ ప్రయాణం చేయలేదు.

ఒక్క శకునం బువ్వ దగ్గరే పొద్దున పేచీ వచ్చింది. ఊరికి బయలుదేరేటప్పుడు పెరుగన్నం తినందే గడప దాటడం ఆ ఇంట్లో లేదు, అందులో చేరెడు నెయ్యి వేయందే అది శకునం బువ్వ కాదు. నెయ్యి మట్టయ్య ఇల్లు కదా. లక్ష్మీనర్సమ్మ పెద్ద కంచంలో కలిపి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి ముద్ద ఎత్తింది. మట్టయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. దూరం పోయే ఎద్దుకు తెల్లారి కడుపునిండా మేత వేయరు, పిల్లకు ఏమీ పెట్టొద్దు, గుప్పెడు జొన్న పేలాలు చాలు, దారిలో వాసనకు ఒక నిమ్మకాయ చేతికియ్యి, అన్నాడు. శకునం కాదనకు, అంది ఆమె. పోయినసారి శకునం చేసిందేమిటి మరి, అన్నాడు. ఆమె కంచం చూసింది, అతణ్ణి చూసింది. "పోనీ నీ నెయ్యే పడలేదేమో పిల్లకు" అంది. ఆ మాట అతనికి చురుక్కుమంది. జ్వరానికి నెయ్యి, దగ్గుకు నెయ్యి, బాలింతకు నెయ్యి, కంటి మంటకు పాదాలకు నెయ్యి, సూర్యాపేటలో సగం ఊరు ఆ నెయ్యితోనే లేచి తిరుగుతోంది, అందరికీ పడి సొంత మనవరాలికి పడకపోవడమేమిటి? "కడుపు నిండుడే తప్పు, నెయ్యిది కాదు" అన్నాడు. కలిపిన శకునం బువ్వ పారేయకూడదు కాబట్టి, మాట నెగ్గించుకోవాలి కూడా కాబట్టి, సగం అతను తిన్నాడు, సగం ఆమె తింది. కంచం అడుగున మిగిలిన నెయ్యి అతనే వేలితో నాకాడు. ఆ రుచి ఇప్పటికీ గొంతులో ఉంది. కొంచెం ఎక్కువే ఉంది.

బస్సు ఆగింది. మునగాల పరగణా పొలిమేర, కరోడ్‌గిరీ నాకా. సరుకుల మీద సుంకం వసూలు చేసే చోటు, ఇవతల హైదరాబాదు రాజ్యం, అవతల మద్రాసు. నాకా జవాను ఒకరి తరువాత ఒకరి మూటలు తడుముతూ వచ్చి మట్టయ్య దగ్గర ఆగాడు.

"చెంబుల ఏముంది?"

"నీళ్లు."

"నెయ్యి బేపారివి, నీళ్లు పట్టుకొని పోతున్నవా? నేనేమన్న నిన్న పుట్టిన్నా? బస్సు దూరాన ఉన్నప్పటిసంది సూస్తున్న, నెత్తి ఎత్తకుండ దాన్నే కాస్తున్నవ్. నీళ్లనెవడన్న గట్ల కాస్తడా?"

"తాగి సూడు సాబ్."

జవాను వేలు ముంచి వాసన చూశాడు, నాలుకకు రాసుకున్నాడు, నమ్మకం కుదరక చెంబెత్తి గుక్కెడు తాగాడు. "నీళ్లే!" అన్నాడు, మోసపోయినట్టు. మల్సూర్ సంగతి చెప్పాడు, పిల్లకు కక్కులు రాకుండా సేటు లెక్క చూస్తున్నాడని. జవాను సక్కుబాయిని చూసి నవ్వాడు, ఆమె చేతిలో తాడు కొసలు చూశాడు. "పిల్లకేమైంది, మంచిగ గుర్రమెక్కినట్టున్నది. నీ మొకమే జర పసుపు పచ్చగున్నది సేటూ."

"ఎండ" అన్నాడు మట్టయ్య. కార్తీక మాసం పొద్దుటి పూట, ఎండ ఇంకా చెట్ల మీద నుంచి దిగలేదు.

వెనక పరదాలోంచి ఏ ప్రశ్నా రాలేదు. రావలసింది, బస్సు ఆగితే తప్పకుండా రావలసింది. బుద్ధి వచ్చినట్టుంది, ఇప్పటికైనా నా లెక్క మీద గురి కుదిరినట్టుంది, అనుకుని సంతోషించాడు. తాగిన గుక్కెడు తక్కువ కాబట్టి చెంబును మల్సూర్ దగ్గర మళ్లీ నింపించి మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. బస్సు మునగాల ఊళ్లోకి వచ్చింది, ఒక తుమ్మచెట్టు పక్కగా పోయింది. పిల్ల తాడు వదలకుండానే గడ్డంతో చూపించింది.

"గీడనే గద తాతా, అమ్మ పోయింది?"

మట్టయ్య తల ఎత్తాడు. ఆ చెట్టే. ఆ దుమ్మే. "ఇప్పుడు నువ్వే పోతున్నవ్ గద బిడ్డా అమ్మ దగ్గరికి" అన్నాడు, మళ్లీ తల వంచి చెంబు చూసుకున్నాడు. నీళ్లు అటు పోతున్నాయి, ఇటు వస్తున్నాయి, అంచును తాకుతున్నాయి, దిగుతున్నాయి. ఒక ఆవులింత వచ్చింది. కోడి కూయకముందే లేచాను, రాదా మరి. ఇంకొకటి వచ్చింది. నోట్లో ఏదో ఊరింది, మింగాడు, పొద్దున వేసుకున్న ఆకుకు సున్నం ఎక్కువైనట్టుంది. నీళ్లు అటు, నీళ్లు ఇటు. మళ్లీ మింగాడు. శకునం బువ్వలోని నెయ్యి గొంతులోకి ఒకసారి వచ్చి, ఇక్కడే ఉన్నాను సుమా అని చెప్పి వెనక్కి పోయింది. నుదురు తుడుచుకుంటే చెయ్యి తడిగా వచ్చింది, చల్లగా. నాలుగు. వరసగా నాలుగు. మట్టయ్యకు ఒక్కసారిగా లెక్క తేలింది, కానీ తేలినది పిల్ల లెక్క కాదు.

ఒక్క వాంతి అయిందా ఏడ అయితే ఆడ దిగుడే, అని కదా షరతు. ఎవరి వాంతి అన్నది అందులో లేదు. చెయ్యి వేసే ముందు అడగవలసింది, పెద్ద వ్యాపారినని పేరు, ఇంత కంత వదిలేశాడు. ఇప్పుడు తాను కక్కితే వెనక నుంచి లక్ష్మీనర్సమ్మ వింటుంది, బస్సులో కక్కడం ఎవరికీ తెలియకుండా జరిగే పనా, మాట మాటే అంటుంది, ముందొచ్చే ఊరు ఆకుపాముల దగ్గర దిగాలి, బండి కట్టాలి, సాయంత్రం ఆండాలు పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని వాకిట్లోకి చూస్తూ ఉంటుంది. ఈ పిల్ల మళ్లీ చేతులు చాస్తుంది. పళ్లు బిగించాడు. ఇంకెంత, నాలుగు మైళ్లు, ఐదు. చెంబు చూడకూడదనుకున్నాడు, కానీ కళ్లు అలవాటుగా దాని మీదకే పోతున్నాయి. బస్సు గుంతలో పడి లేచింది, కడుపు దానికన్నా ఆలస్యంగా లేచింది.

"తాతా, మాట్లాడ్తలేవు."

తల ఊపాడు. నోరు తెరిస్తే ఏం జరుగుతుందో నమ్మకం లేదు.

సక్కుబాయి మూట మీద నుంచి వంగి అతని ముఖంలోకి చూసింది. అతను ఆమె ముఖంలోకి చూసినట్టే, పెదాలు, నుదురు, కళ్లు. అన్నీ చూసింది. ఎడమ చేతిలోని నిమ్మకాయ అతని ఒళ్లో వేసింది, ఎడమ కొస అతని చేతికి అందించింది.

"ఇగ గిది పట్టుకో. కిందికి సూడకు. గా తాటిచెట్టు సూడు. మలుపొస్తే గుంజు."

పక్క వరసలో ఇద్దరు గడ్డాలు నెరిసిన మనుషులు చూస్తున్నారు. సూర్యాపేటలో నలుగురు లేచి నిలబడే మనిషి, జనపతాడు పట్టుకుని బస్సు తోలడమా! ఒక్క క్షణం ఆలోచించాడు. తరువాత చెంబు ఎత్తి, నిండుగా ఉన్న నీళ్లు కిటికీలోంచి పారబోశాడు, ఖాళీ చెంబు కాళ్ల కింద పెట్టాడు, ఎడమ కొస పట్టుకున్నాడు. దూరాన తాటిచెట్టు. నిదానంగా వస్తోంది. దాని వెనక ఇంకొకటి. రోడ్డు కొంచెం ఎత్తెక్కుతోంది, కంటికి ఎరుకైంది, ఎత్తు దిగుతోంది, ఎరుకైంది. ఎడమకు మలుపు, లాగాడు, బస్సు ఎడమకు తిరిగింది. నిమ్మకాయను గోరుతో గీరి వాసన పీల్చాడు. కిటికీలోంచి గాలి ముఖానికి కొట్టింది, జొన్న చేల మీది గాలి, పచ్చి వాసన. సోమయ్య చుట్ట పొగ గుర్తొచ్చింది, ఆ నవ్వు గుర్తొచ్చింది. తోలేటోనికి తిప్పది. కుడికి మలుపు, పిల్ల లాగింది. "హో, హో" అన్నారు ఇద్దరూ ఒకేసారి, ముందు గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే. పక్క వరస గడ్డపాయన కూడా తెలియకుండానే "హో" అన్నాడు. గొంతులోకి వచ్చిన నెయ్యి ఇక రాదలచుకోలేదు, కిందికి దిగి కూర్చుంది. కోదాడ పొలిమేర రాయి వచ్చింది, దాటింది. చేతిలో వేసిన చెయ్యి నిలిచింది.

బస్సు ఆగాక పిల్లను దింపి, తాడు విప్పి, మూట భుజాన వేసుకుని మట్టయ్య వెనక తలుపు దగ్గరికి గెలిచినవాడిలా నడిచాడు. ఆడవాళ్లంతా దిగారు. అందరికన్నా ఆఖరున లక్ష్మీనర్సమ్మ దిగింది, ఒక్కో మెట్టూ పట్టుకుని, కొంగు కప్పిన డబ్బాను పొట్టకు అదుముకుని. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది, కుంకుమ సగం కరిగి ముక్కు మీదికి జారింది. డబ్బా బరువుగా ఉందని మోసే తీరులోనే తెలుస్తోంది. తూకం చూడకుండానే బరువు చెప్పగల మనిషి మట్టయ్య.

"ఎప్పటిసంది?" అన్నాడు మెల్లగా.

"నాకా రాకముందే షురూ అయింది."

"ఎన్నిసార్లు?"

"లెక్క నీ పని. నేను పెట్టలే."

"మరి చెప్పవైతివి?"

"చెప్తే మర్లాలె గద" అంది, కొంగుతో మూతి తుడుచుకుంటూ. "మాట నాదే గద. కొంగు నోట్ల కుక్కుకొని కూసున్న. పక్కపొంటి ఆమెకు ఒట్టు పెట్టిన, చెప్పొద్దని." అంటూనే అతని ముఖం చూసింది, నిమ్మకాయ చూసింది, చేతికి ఇంకా చుట్టుకుని ఉన్న తాడు కొస చూసింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఇంకేమీ చెప్పనక్కరలేదు. పాలిపోయిన ముఖంతోనే పకపకా నవ్వింది. "నీకు సుత అయిందా!"

"నాకు కాలే" అన్నాడు మట్టయ్య. "కాబోయింది."

ముగ్గురు బయలుదేరారు, శకునం బువ్వ తిన్నది ఇద్దరు. ఆ ఇద్దరికే తిప్పింది. తినని పిల్ల కొమ్ము లేని ఎద్దులను లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఎటు తిప్పి కూడినా లెక్క ఒకే చోటికి వస్తోంది. ఇన్నేళ్లూ ఇంటిల్లిపాదీ బయలుదేరే ప్రతిసారీ తన చేత్తో తానే చేరెడు చొప్పున వేశాడు. మంచి సరుకే, అందులో అనుమానం లేదు, కానీ బస్సెక్కే సరుకు కాదు. ఈ మాట భార్యతో ఎప్పుడు చెప్పాలి అన్నదే ఇక లెక్క. ఈ రోజు కాదు. కొంచెం తేరుకోనీ, కానీ బలం వస్తే మరీ నవ్వుతుందేమో.

ఆండాలు వాకిట్లోనే నిలబడి ఉంది. సక్కుబాయి తాడు మెళ్లో వేసుకుని ఉరికింది, ఈసారి చేతులు చాచింది తల్లి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పిల్లాణ్ణి తొట్టెలో వేశారు, పేరు పిలిచారు, ముత్తయిదువలు పాట అందుకున్నారు. వియ్యపురాలు విస్తట్లో వేడన్నం మీద నెయ్యి గిన్నె వంచబోతే మట్టయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె నిర్ఘాంతపోయింది. గోడకు ఆనుకుని గంజి తాగుతున్న లక్ష్మీనర్సమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. అంటే ఆమెకు లెక్క ఎప్పుడో తెలిసింది.

అవతల సక్కుబాయి తొట్టె ఊపడానికి కట్టిన తాడు ఒప్పుకోలేదు. దాన్ని విప్పించి తన జనపతాడు కట్టించుకుంది. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, మెల్లగా లాగి, వదిలి, లాగి, తొట్టెలోకి వంగి తమ్ముడికి చెబుతోంది.

"నేను తోల్తున్న గద. భయపడకు. కిందికి సూడకు, దూరం సూడు."

ఇరవై ఒక్క రోజుల పిల్లాడు ఇంటి దూలాన్ని చూశాడు.